వగరు నేర్చిన నాలుక

నేను మొదటిసారి రుచి చూసిన మంచి ఫ్రెంచి ఎర్ర వైన్ నాకు అస్సలు నచ్చలేదు. చెడిపోయిందనుకున్నాను. నాలుక మీద పడగానే పచ్చి కరక్కాయ కొరికినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. కల్లు గీసేవాడి కొడుకుని నేను. చెడిపోయిన సరుకేదో నాకు ఇంకొకరు చెప్పాలా అన్న పొగరు ఉండేది. ఇది బోర్డో నుంచి వచ్చిన సీసా, దీనికోసం మనుషులు విమానాలెక్కి వెళ్తారు అని తోటి పనివాళ్లు చెబితే, వగరు కోసం విమానమెందుకు, మా అడవిలో కరక్కాయలు ఊరికే రాలి పడుంటాయి కదా అన్నాను. నవ్వింది నేనొక్కణ్ణే.

అది రెండువేల నాలుగు. అంతకు ముందు ఏడాది దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో గిన్నెలు కడిగే పనికి వచ్చాను. ఉండేది అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో, గదికి ఆరుగురం. పొద్దున కంపెనీ బస్సు ఎక్కించుకుపోయేది, డ్యూటీ అయ్యాక తెచ్చి దింపేది. కొన్నాళ్లకు వైన్ స్టోర్‌లో పెట్టెలు మోసే మనిషి సెలవు మీద పోయి తిరిగి రాలేదు. నా భుజాలు చూసి నన్ను అక్కడికి మార్చారు. పని మారింది గానీ వీసా మాత్రం గిన్నెల సెక్షన్‌దే.

స్టోర్ నేలమాళిగలో ఉండేది. పైన ఎండ నెత్తి పగలగొడుతుంటే కింద స్వెటర్ వేసుకుని పనిచేసేవాళ్లం. దాన్ని చూసుకునే పెద్దమనిషి కడప జిల్లా ముస్లిం. యాభై దాటాయి. అందరూ భాయ్ అనేవారు, నేనూ అంతే. పదిహేనేళ్లుగా ఆ సీసాల మధ్యే బతుకుతున్నా ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. నమాజు తప్పడు, సీసా లెక్క తప్పడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని, ఊళ్లో తన పని ఫలానా అని కూడా చెప్పలేదట. హోటల్లో స్టోర్‌కీపర్ని అంటే సరిపోతుంది కదా అనేవాడు.

తాగకపోయినా సీసాల సంగతి ఆయనకు తెలిసినంత మా వెయిటర్లకు తెలియదు. సీసాను పడుకోబెట్టాలి, కార్క్ ఎప్పుడూ తడిగా ఉండాలి, వెలుతురు తగలకూడదు, కుదుపు తగలకూడదు. అరువు తెచ్చిన సామాను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. నేనొకసారి పెట్టె కాస్త గట్టిగా దించితే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఒకరోజు పైనుంచి ఒక సీసా వెనక్కి వచ్చింది. అతిథి బాగోలేదన్నాడట. తెచ్చిన వెయిటర్, వాడికి తాగడం రాదని విసుక్కుంటూ పెట్టి పోయాడు. భాయ్ దాన్ని నా వైపు జరిపి వాసన చూడమన్నాడు. చూశాను. ముందటి వానాకాలంలో తడిసి, ఆరక, మూలన పడేసిన గోనెసంచి వాసన. అదే చెప్పాను. కాసేపటికి వైన్ల విభాగం పెద్ద దిగి వచ్చాడు. ఆయన ఫ్రెంచివాడు, తాతల నాటినుంచి ద్రాక్షతోటల ఇంటివాడు, మాకు ముదీర్, అంటే అరబ్బీలో మేనేజర్. సీసా దగ్గర ముక్కు పెట్టి, కార్క్ చెడిందని ఒక్క ముక్కలో తేల్చాడు. ఈ మోసేవాడు అప్పుడే చెప్పాడని భాయ్ అన్నాడు. ముదీర్ నన్ను ఒకసారి చూసి మెట్లెక్కి పోయాడు.

ఆ శీతాకాలంలోనే పిడుగులాంటి వార్త. గిన్నెలు కడిగే పనంతా బయటి కంపెనీకి అప్పగిస్తున్నారు. మార్చి తర్వాత మా సెక్షన్ వీసాలు ఖలాస్, టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. అదే వారంలో ముదీర్ తన కింద వైన్ పోసే మనిషి ఒకడు కావాలని, మార్చిలో రుచి పరీక్ష పెడతానని చెప్పాడు. ఇద్దరు వెయిటర్లు పేర్లిచ్చారు. మూడో పేరు నాది. నన్ను అడక్కుండానే భాయ్ ఇచ్చేశాడు.

“నీకు ముక్కుంది అబ్బీ,” అన్నాడు. “నాకు ఉండీ లేనట్టే. పెద్దాయన ముందర మాటిచ్చి వచ్చినాను, దాన్ని నిలబెట్టేది నీ పని.”

నిలబెట్టాలనే అనుకున్నాను. దుబాయ్ పోయి పెట్టెలు మోసి వచ్చాడని నలుగురూ అనుకునే బతుకు నాకు వద్దు. పోటీకి దిగిన వెయిటర్లలో హైదరాబాద్ అతను హోటల్ చదువు చదివినవాడు. నా పేరు చూసి అందరి ముందే, “కల్లు కాంపౌండోనికి వైన్ ఏం సమజైతదిరా?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట నాలుగు నెలలపాటు నాకు పెట్రోలులా పనికొచ్చింది.

ముందు బట్టీ పట్టాను. స్టోర్‌లో ఒక పాత వైన్ పుస్తకం ఉండేది. బోర్డో ఎర్ర వైన్‌లో ఏమేం వాసనలుంటాయో అందులో వరుసగా రాసి ఉన్నాయి: బ్లాక్‌కరెంట్ పండు, దేవదారు చెక్క, వయొలెట్ పువ్వు, పొగాకు, తోలు, తడి మట్టి. బస్సులో కూర్చుని వాటిని ఎక్కాల్లా వల్లించేవాణ్ణి. నెల తిరిగాక ముదీర్ మమ్మల్ని పిలిచి, సీసాల అడుగున మిగిలినవి తలా కాస్త పోసి ఇచ్చాడు. నా వంతు రాగానే గ్లాసు తిప్పి, మూతి పెట్టి, పాఠం అప్పజెప్పాను. ఆయన విని, దేవదారు చెట్టు ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. లేదన్నాను. బ్లాక్‌కరెంట్ తిన్నావా అంటే అదీ లేదు. మరి లేని వాసన నీకెలా వచ్చింది అన్నాడు. కోప్పడితే బాగుండేది. మామూలుగా అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ శుక్రవారం ఒక సూపర్ మార్కెట్‌కి పోయి బ్లాక్‌కరెంట్ జామ్ కొన్నాను. గదిలో మూత తీసి వాసన చూస్తే నాకు వచ్చింది మా ఊరి నేరేడు. చెట్టుకింద రాలి, పగిలి, ఎండకు వేడెక్కిన నేరేడు పండు. మేం ఆరుగురం ఆ జామ్‌ను ఖుబూస్ రొట్టెతో రెండు రోజుల్లో ఊడ్చేశాం. తర్వాతి శుక్రవారం నైఫ్ బజారులో తిరిగాను. ఒక స్టేషనరీ కొట్టతన్ని దేవదారు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, నన్ను పైనుంచి కిందికి చూసి ఒక మంచి పెన్సిల్ తీసిచ్చాడు. అక్కడే చెక్కాను. ఆ పొట్టు వాసన చూసి నవ్వొచ్చింది. ఆరో తరగతిలో పక్కవాడి పెన్సిల్ దొంగిలించినందుకు దెబ్బలు తిన్నానే, ఆ వాసనే.

పొగాకు సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. చాట నిండా తునికాకు, ఒడిలో పొగాకు, ఇల్లంతా అదే ఘాటు. పొడి పొగాకు వేరు, వాన పడ్డ రోజు మెత్తబడ్డ పొగాకు వేరు. నేను నడక నేర్చింది ఆ రెండు వాసనల మధ్య. ఇంత ముక్కు పెట్టుకుని ఎవడి పుస్తకమో బట్టీ పట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక నోటుబుక్ కొని తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. కొత్త వైన్‌ను తెల్లగుడ్డ మీద గ్లాసు వంచి చూస్తే అంచు వంకాయ రంగు. పాతబడిన కొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది. నోట్లో ముందు పండు, వెనక పులుపు, చివర చిగుళ్ల మీద వగరు. చౌక వైన్‌లో వగరు ఇసుకలా గీరుతుంది. మంచిదాంట్లో అదే వగరు నూలు బట్టలా ఆనుతుంది. మింగాక రుచి ఎన్ని ఊపిర్లు నిలిచిందో లెక్కపెట్టేవాణ్ణి. మామూలుది మూడు ఊపిర్లకే పోయేది. గొప్పది పదికి కూడా పోయేది కాదు.

ఉమ్మడం మాత్రం చాలా కష్టమైంది. రుచి చూసి పక్కనున్న గిన్నెలో ఉమ్మాలి, అందరి ఎంగిలీ ఒకే గిన్నెలో. మా ఇంట్లో పోసిన కల్లు ఉమ్మితే అది గీసినవాణ్ణి తిట్టినట్టే. అందుకని నేను మింగేసేవాణ్ణి. ఒకరోజు ఎనిమిది రకాలు మింగి, తొమ్మిదోదాని గురించి ముదీర్‌కు తెలుగులో ఉపన్యాసం ఇచ్చానట. భాయ్ నన్ను చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించి, తాగుబోతును పట్టుకుని నడిచిన పాపం కూడా నీ ఖాతాలోనే రాయించానన్నాడు. మర్నాటి నుంచి బుద్ధిగా ఉమ్మాను.

వైన్ ఎలా తయారవుతుందో ముదీర్ చెబుతుంటే నాకు మా బాపు గుర్తొచ్చేవాడు. వాళ్ల తోటలు గులకరాళ్ల నేలలో ఉంటాయి. తీగ నీళ్లకోసం వేళ్లు లోతుకు దింపుకోవాలి, కాయ తక్కువ కాస్తుంది, కాసింది చిక్కగా ఉంటుంది. రాళ్లగడ్డ మీది తాటిచెట్టు తక్కువిస్తుంది, గట్టిగా ఇస్తుందని బాపు అనేవాడు. ద్రాక్షను తొక్కతో సహా పెద్ద తొట్టెల్లో వేసి పొంగనిస్తారు. ఎరుపు, వగరు రెండూ ఆ తొక్కలోవే, లోపలి రసం తెల్లగానే ఉంటుంది. పొంగుతుంటే తొక్కంతా పైకి తేలి గట్టి గడ్డ కడుతుంది. అడుగునుంచి రసం తోడి దానిమీద పోస్తూనే ఉంటారు. రెండు మూడు వారాలయ్యాక పిండి, ఓక్ చెక్క పీపాల్లోకి ఎత్తుతారు. అక్కడ ఏడాదిన్నర. మధ్యమధ్య మడ్డి వదిలేసి ఇంకో పీపాలోకి మారుస్తారు. చివర్న కోడిగుడ్ల తెల్లసొన గిలకొట్టి వేస్తే మరీ మొరటు వగరును అది పట్టుకుని అడుగుకు దిగుతుందట. గుడ్డు మాట వినగానే నేను నమ్మలేదు. భాయ్ ఒట్టేసి చెప్పాకే నమ్మాను.

కల్లు బతుకు ఒక్క పూట. తెల్లవారి దించితే తియ్యన, ఎండెక్కితే ఘాటు, పొద్దుగూకితే పులిసి వాసన. బాపు జీవితమంతా ఆ పూటతో పరుగుపందెం. వీళ్లు అదే పొంగును పట్టుకుని, పీపాలో కూర్చోబెట్టి, సీసాలో పడుకోబెట్టి ఇరవై ఏళ్లు ఆపుతున్నారు. ఆ ఆపడానికి కావలసింది వగరు. మొదట్లో నేను చెడిపోయిందనుకున్నదే ఆ వైన్‌ను చెడిపోకుండా కాస్తుందని తెలిసిన రోజున, నా పొగరు కాస్త దిగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా.

మార్చి వచ్చింది. మధ్యాహ్నం రెస్టారెంట్ మూసి ఉన్న వేళ పరీక్ష. తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక ముదీర్, పక్కన జనరల్ మేనేజర్. ముగ్గురికీ మూడేసి గ్లాసులు, సీసాలకు గుడ్డ చుట్టి పేరు కనబడకుండా పెట్టారు. ఏం తోస్తుందో, వయసెంతో, అతిథికి పోయొచ్చో లేదో చెప్పాలి. వెయిటర్లిద్దరూ ముందు చెప్పేశారు. చక్కటి ఇంగ్లీషు, గుక్క తిప్పుకోలేదు. తర్వాత నేను కూర్చున్నాను.

నా చెయ్యి నన్నడక్కుండా ఒక పని చేసింది. మొదటి గ్లాసులో ఉంగరం వేలు ముంచి, మూడు చుక్కలు కింద చిలకరించాను. మావైపు చెట్టు మీంచి కొత్త కల్లుకుండ, మా మాటలో లొట్టి, దించగానే, ఎవరి నోరూ తగలకముందే ఎల్లమ్మ పేర నేలకు నాలుగు చుక్కలు పోస్తారు. తాగేవాళ్లు కూడా వేలు ముంచి చిలకరించాకే మూతి పెడతారు. నాలుగు నెలలూ నేను రుచి చూసినవి సీసాల అడుగు ఎంగిళ్లు. ఎంగిలి అమ్మవారికి పెట్టం కాబట్టి ఆ చెయ్యి ఎన్నడూ లేవలేదు. కొత్త సీసా నా కోసం తెరవడం అదే మొదటిసారి. ఒక చుక్క తెల్లగుడ్డ మీద పడి ఎర్రగా పాకింది.

హైదరాబాద్ అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జనరల్ మేనేజర్ కాగితాలు సర్దుకుంటూ, అతిథి గ్లాసులో వేలు పెట్టే మనిషిని పైకి తీసుకురాలేమని, ఇక చాలని అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. లేచి పోతే మార్చి నెలాఖరుకు ఇల్లు. భాయ్ మాట గంగలో. కాళ్లు లేవమంటున్నాయి గానీ నేను లేవలేదు.

నాకొచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పాను. వేలు పెట్టడం తప్పే, ఇంకోసారి జరగదు, కానీ ఇంకా మూడు గ్లాసులున్నాయి, అవి చెప్పకుండా లేవను. ముదీర్ నన్ను చూశాడు, గుడ్డ మీది మరకను చూశాడు. గ్లాసు అతిథిది కాదు, నీదే, నువ్వే తాగు అన్నాడు.

మొదటిది లేత వైన్, వంకాయ అంచు, నేరేడు తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడే పోసెయ్యాలి, దాచితే దండగన్నాను. రెండోది ఎండలో వేగినట్టుంది, ఉడికించిన పండు వాసన. ఎక్కడో దారిలో వేడి తగిలిందన్నాను. మూడోది ముక్కు దగ్గరకు తెచ్చి చాలాసేపు ఊరుకున్నాను. ముందు ఏమీ రాలేదు. తలుపు వేసుకున్న ఇల్లులా ఉంది. గ్లాసు తిప్పాను, ఆగాను, మళ్లీ తిప్పాను. అప్పుడు మెల్లగా పెన్సిల్ పొట్టు వచ్చింది. దాని వెనక నేరేడు. ఆ తర్వాత వాన రోజు మా అమ్మ ఒడిలో మెత్తబడ్డ పొగాకు. నోట్లో పోసుకుంటే వగరు చిగుళ్లన్నీ పట్టేసింది. ఉమ్మాక ఊపిర్లు లెక్కపెట్టాను. పన్నెండు దాటినా పోలేదు.

ఇది గొప్ప వైన్, పదేళ్ల వయసుంటుంది, కానీ ఇప్పుడు అతిథికి పోయను అన్నాను. వెయిటర్లిద్దరూ వెంటనే పోయొచ్చన్నారని నాకు తెలుసు. జనరల్ మేనేజర్ కళ్లజోడు తీసి, ఇది హోటల్లోనే అన్నిటికంటే మేలైన సీసా, ఎందుకు పోయవని అడిగాడు. గాలి తగలకుండా పోస్తే అతిథికి వగరొక్కటే అందుతుంది, పొట్ట పెద్ద గాజు కూజాలోకి వంచి గంట ఆగితే మిగతావన్నీ బయటికొస్తాయి అన్నాను. అంతసేపు అతిథి ఆగకపోతే అన్నాడు. ఆగకపోతే వేరేది ఇస్తాను, ఇది ఇవ్వను అన్నాను.

అది అనకుండా ఉంటే సరిపోయేదేమో. నాకు నోరు ఆగదు. ముదీర్ మాత్రం తల ఊపి, సీసా మీ కళ్ల ముందే కావాలని తెరిచాను, గంట ఆగాలని ఎవరంటారా అని చూశాను అన్నాడు. ఇద్దరూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. నేను మరక మీద చెయ్యి పెట్టి దాచుకుని కూర్చున్నాను.

తీర్పు సగం సగంగా వచ్చింది. అతిథుల ముందుకు హైదరాబాద్ అతను పోతాడు, వైన్ పోసేవాళ్లు వేసుకునే నల్లకోటు అతనికి. నేను వంటింటి వెనక గదిలో, పైకి పోయే ప్రతి సీసా తెరిచి, వాసన చూసి, బాగుందో లేదో చెప్పాలి. వీసా మారుతుంది. కోటు లేదు. నా మాట మీద అతను పోస్తాడు, వాళ్లు మెచ్చుకుంటారు, నేను గోడ వెనక ఉంటాను. వీసా దక్కిన సంతోషం ముందు రావలసింది, నాకు ముందు కోపమే వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత నల్లకోటు కూడా తీసుకున్నాను, అడిగి మరీ తీసుకున్నాను. కానీ ఆ రోజు ఆ సంగతి నాకు తెలియదు కదా.

మెట్లు దిగి స్టోర్‌కి పోయాను. భాయ్ పెట్టె మీద కూర్చుని నాకోసమే చూస్తున్నాడు. వీసా ఉంది, కోటు లేదు, వేలు పెట్టాను అని గడగడా చెప్పి గోడకు ఆనుకున్నాను. ఓదారుస్తాడనుకున్నాను. ఆయన కాసేపు అరల వైపు చూసి, ఎన్నడూ అడగనిది అడిగాడు.

“ఆ మూడోది ఎట్లుంటాది అబ్బీ? నేనే మోసుకొచ్చి ఈడ పండబెట్టినా. ఎట్లుంటాదో నాకు తెల్దు.”

ఆయనకు పుస్తకం మాటలు పనికిరావు. కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. “ముందుగాల ఏం రాదు భాయ్. బడిపోరగాడు పెన్సిల్ చెక్కి ఊదినట్టు, సన్నగ. ఎనుకనుంచి ఎండల రాలిన నేరేడుపండు. అది తియ్యగుంటదనుకుంటరు, ఉండదు. నాలుక మీదికి రాంగనే చిగుళ్లను గట్టిగ పట్టుకుంటది. ఇడిసిపెట్టదు. మెల్లెమెల్లెగ ఇడుస్తది. ఇడిసినంక వాన మొగులు పట్టిన పొద్దు పొగాకు చాట ముంగట కూసున్నట్టుంటది. మింగినా పోదు. మాట్లాడుతున్నా ఇంక నోట్లనే ఉన్నది.”

కళ్లు తెరిచేసరికి భాయ్ కూడా కళ్లు మూసుకుని ఉన్నాడు. గొంతు ఒకసారి కదిలింది. ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“చాల్లే అబ్బీ, ఇంగ చెప్పొద్దు. ఇంకొంచెం చెప్తే నేను తాగినట్టే అయితాది.”